సిద్ధాంతానికీ ఒక ఊరు ఉంటుంది

ప్రశ్న: టూరిజం మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. ఇది రెండో ఏడు. కొండల్లో ఉన్న ఒక యాత్రాస్థలంలో పర్యాటకం వల్ల అక్కడివాళ్ల బతుకు ఎలా మారిందన్నది నా అంశం. పూర్వ పరిశోధనల సమీక్ష కోసం నూట నలభై పేపర్లు చదివాను. చదివిన కొద్దీ అయోమయం పెరిగింది. చైనా నుంచి వచ్చినవి ఎక్కువగా సర్వేలు, ప్లానింగ్ మోడళ్లు. లాటిన్ అమెరికావి తెరిస్తే భూమి, హక్కులు, ఊరి ఉమ్మడి ఆస్తి. ఫ్రెంచివాళ్లు రాసేది భూగోళమో తత్త్వశాస్త్రమో తెలియదు. ఆఫ్రికా మీద ఉన్నవాటిలో సగం పేదరికం, సగం అడవి జంతువులు. ఒకే విషయం మీద ఇన్ని రకాలుగా ఎందుకు రాస్తారు? వీటిలో ఏది సరైన పద్ధతి? ఒక పత్రికకు పేపరు పంపితే, మీ సిద్ధాంతాలన్నీ ఒకే వైపు నుంచి తెచ్చుకున్నవి అని తిప్పి పంపారు. ఇంగ్లిష్ తప్ప వేరే విదేశీ భాష నాకు రాదు. చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక పరిశోధక విద్యార్థిని

సమాధానం: అమ్మా, మీకు కనిపించిన తేడాలు నిజమైనవే. మీ పేపరును పరిశీలించి తిప్పి పంపిన రివ్యూయర్ మాట కటువుగా ఉన్నా పనికొచ్చే మాట. అయితే ‘ఏది సరైన పద్ధతి’ అన్న ప్రశ్నను కొన్నాళ్లు పక్కన పెట్టండి. ప్రతి పేపరునూ ముందుగా ఇంకోటి అడగండి: ఈ ప్రశ్న ఎక్కడ పుట్టింది, ఎవరికి అవసరమై పుట్టింది? దానికి జవాబు దొరికితే మీ చిక్కుముడిలో సగం విడిపోతుంది.

మీకు బాగా దగ్గరి ఉదాహరణ ఒకటి చెబుతాను. కొండ ప్రాంతం మీద పనిచేస్తున్నారు కాబట్టి ‘క్యారీయింగ్ కెపాసిటీ’ (ఒక చోటు ఎంతమందిని మోయగలదన్న లెక్క), దాని తర్వాత వచ్చిన ‘లిమిట్స్ ఆఫ్ యాక్సెప్టబుల్ చేంజ్’ అనే పద్ధతి మీ సమీక్షలో ఉండే ఉంటాయి. ఈ రెండో పద్ధతిని 1985లో అమెరికా అటవీ శాఖ పరిశోధకులు తయారు చేశారు. ఎంతమంది వస్తే ఎక్కువ అని లెక్కపెట్టడం మానేసి, ఎంత మార్పును ఒప్పుకోగలం అని అడిగారు. మంచి ఆలోచన, నాకూ చాలా ఇష్టం. కానీ అది ఏ నేల మీద పుట్టిందో చూడండి. మనుషుల నివాసం లేని అరణ్యం. దాని మీద పెత్తనం ఒకే ఒక్క ప్రభుత్వ శాఖది. ఆ శాఖ ఒక నిర్ణయం తీసుకుంటే దారి మూసేయగలదు, పర్మిట్లు ఆపగలదు. అమెరికాలో ఈ పరిశోధన అటవీ కళాశాలల్లో పెరగడానికీ కారణం ఉంది. 1958లో అక్కడి ప్రభుత్వం ఆరుబయట వినోదానికి ఉన్న వనరులను సమీక్షించమని ఒక కమిషన్ వేసింది. అది 1962లో నివేదిక ఇచ్చింది. అడవులు, పార్కుల్లోకి జనం పోటెత్తుతుంటే వాళ్లను ఎలా సంభాళించాలన్నదే అప్పటి బెంగ.

ఇప్పుడు అదే పద్ధతిని మీ కొండ మీద పెట్టండి. అక్కడ దుకాణాలున్నాయి, ఇళ్లున్నాయి, పూజారులున్నారు, వాహనాలవాళ్లున్నారు, పొలాలున్నాయి. దారి ఒకరిది, నీళ్లు ఇంకొకరివి, గుడి మరొకరిది. ‘ఒప్పుకోగలిగిన మార్పు’ అన్నప్పుడు ఎవరు ఒప్పుకోవాలి? ఆ పద్ధతిలో ఈ ప్రశ్నకు చోటు తక్కువ, ఎందుకంటే అది పుట్టిన చోట ఈ ప్రశ్న రాలేదు. దాంతో పద్ధతి చెడ్డదైపోదు. మీరు దాన్ని ఎక్కడి నుంచి తెచ్చారో చెప్పి, మీ కొండకు తగ్గట్టు ఏం మార్చారో చెబితే, అదే మీ థీసిస్‌లో ఒక అధ్యాయం అవుతుంది.

మిగతా ప్రాంతాలనూ ఈ కళ్లతోనే చూడండి. యూరప్‌లో ఈ చదువు డబ్బు లెక్కతో మొదలైంది. 1899లో ఇటలీ గణాంక శాస్త్రవేత్త లూయిజీ బోదియో, తమ దేశానికి వచ్చే విదేశీయులు ఎంత ఖర్చు పెడుతున్నారో లెక్కగట్టాడు. 1929లో బెర్లిన్‌లో రాబర్ట్ గ్లూక్స్‌మన్ నాయకత్వంలో ఒక పరిశోధనా సంస్థ వచ్చింది. నాజీలు అధికారంలోకి వచ్చాక అది మూతపడింది. 1936లో పోలండ్‌లోని క్రాకోవ్ విశ్వవిద్యాలయంలో భూగోళ శాస్త్రవేత్త లెస్చిట్స్కీ పర్యాటక అధ్యయన కేంద్రం నడిపాడు, యుద్ధంతో అదీ ఆగిపోయింది. 1941లో స్విట్జర్లాండ్‌లో రెండు చోట్ల, బెర్న్‌లో, సెయింట్ గాలెన్‌లో సంస్థలు పెట్టారు. చుట్టూ యుద్ధం. విదేశీ అతిథులు లేక హోటళ్లు వెలవెలబోతున్న రోజులు. ఆ రోజుల్లోనే, 1942లో, హన్జికర్, క్రాప్ అనే ఇద్దరు ఆచార్యులు కూర్చుని పర్యాటకానికి నిర్వచనం రాశారు: ఒక చోటికి బయటివాళ్లు రావడం, ఉండటం వల్ల పుట్టే సంబంధాలు, పరిణామాలు అన్నీ కలిపి పర్యాటకం. షరతు ఏమిటంటే, ఆ ఉండటం శాశ్వత నివాసం కాకూడదు, సంపాదన కోసం కాకూడదు. జర్మన్‌లో వాళ్లు వాడిన మాట ‘ఫ్రెమ్డెన్‌ఫెర్కేర్’. అంటే పరాయివాళ్ల రాకపోకలు. పేరులోనే ఆతిథ్యమిచ్చేవాడి చూపు ఉంది, చూశారా? గుమ్మంలో నిలబడి వచ్చేవాణ్ని చూస్తున్నాడు. మన ‘యాత్ర’లో ఉన్న చూపు వెళ్లేవాడిది. ఏ మాటతో మొదలుపెడతామో దాన్నిబట్టి ప్రశ్నలు మారిపోతాయి.

సోవియట్ దేశంలో దీన్ని ‘వినోద భూగోళశాస్త్రం’ అన్నారు. ప్రెయొబ్రజెన్‌స్కీ బృందం 1970లలో మనిషిని, ప్రకృతిని, సౌకర్యాలను, సిబ్బందిని కలిపి ఒకే వ్యవస్థగా చూపించింది. సెలవుల శిబిరాలు, ఆరోగ్య నివాసాలు కార్మిక సంఘాల చేతుల్లో ఉన్న దేశం అది. అక్కడ మార్కెట్టు ఏం కోరుకుంటోందని ఎవరూ అడగరు. అలసిన కార్మికుడు ఎక్కడ, ఎలా కోలుకుంటాడని అడుగుతారు. ఉత్తర యూరప్ దేశాల్లో వేసవి ఇళ్ల మీద, జనం పలచగా ఉండే ఉత్తరాది మీద ఎక్కువ పని జరిగింది. అక్కడి బతుకు తెలిస్తే కారణం విడిగా చెప్పక్కర్లేదు.

ఇక ఫ్రెంచివాళ్లు. మీకు భూగోళమో తత్త్వమో అర్థం కాలేదన్నారు. ఎక్కువ భాగం భూగోళమే. 1990లలో పారిస్‌లో రెమీ క్నాఫూ చుట్టూ చేరిన బృందం అడిగింది చిన్న ప్రశ్న: ఒక చోటు పర్యాటక స్థలం ఎలా అవుతుంది? సముద్రం ఎప్పటి నుంచో ఉంది, జనం దాని ఒడ్డుకు సరదాగా వెళ్లడం మాత్రం ఇటీవలిదే. అంటే ఆ చోటును తయారు చేసింది అక్కడికి వచ్చినవాళ్లు చేసే పనులు. అందుకే వాళ్ల పేపర్లలో పర్యాటకుణ్ని తీసిపారేయరు, అతను అక్కడ ఏం చేస్తాడో ఓపికగా చూస్తారు. మీ స్థలానికి ఈ చూపు బాగా పనికొస్తుందని నా నమ్మకం. భక్తులు మొక్కు తీర్చుకుని వెంటనే దిగిపోయే కొండకూ, ఫొటోలు దిగి రాత్రి ఉండిపోయే కొండకూ తేడా ఉంది కదా.

అన్నిటికన్నా ఎక్కువసేపు మీరు ఆగాల్సింది పసిఫిక్, లాటిన్ అమెరికా పరిశోధనల దగ్గర. 1982లో న్యూజిలాండ్ భూగోళ శాస్త్రవేత్త స్టీఫెన్ బ్రిటన్ ఫిజీ దీవుల్ని ఉదాహరణగా తీసుకుని ఒక వ్యాసం రాశాడు. విమానం బయటి కంపెనీది, పెద్ద హోటలు బయటివాళ్లది, టూరు అమ్మేది బయటి కంపెనీ. పర్యాటకుడు ఇల్లు కదలకముందే చాలా డబ్బు చెల్లించేశాడు. దీవిలో మిగిలేది కూలి, చిన్నాచితకా అమ్మకాలు. పర్యాటకం వస్తే అభివృద్ధి దానంతటదే వస్తుందన్న మాటకు ఆయన అడ్డం నిలబడ్డాడు. లాటిన్ అమెరికాలో 1960ల నుంచే ఈ రకం ఆలోచనకు నేల సిద్ధంగా ఉంది, పేద దేశాల వెనకబాటుకు ధనిక దేశాల మీద ఆధారపడటమే కారణమనే పరాధీనతా సిద్ధాంతం అక్కడిదే. భూమి ఎవరిదన్న తగువు తరాలుగా నలుగుతున్న చోట, టూరిజం గురించి రాస్తూ భూమి ఊసెత్తకుండా ఎలా ఉంటారు? అక్కడ స్పానిష్‌లో ‘కొమునితారియో’ అన్నప్పుడు చాలాచోట్ల దాని వెనక ఊరి ఉమ్మడి భూమి, సభ, ఆ సభ నిర్ణయం ఉంటాయి. ఇంగ్లిష్‌లో ‘కమ్యూనిటీ’ అని మార్చగానే అది ‘చుట్టుపక్కల ఉండేవాళ్లు’ స్థాయికి పలచబడిపోతుంది. మీ సమీక్షలో ఈ మాట వాడినచోటల్లా ఏ అర్థంలో వాడారో ఒకసారి చూసుకోండి.

ఆఫ్రికా విషయంలో మీరు చూసిన సగం పేదరికం, సగం జంతువులు ఆఫ్రికావాళ్లు ఎంచుకున్నవే అనుకోకండి. జింబాబ్వేలో 1980ల చివర మొదలైన కాంప్‌ఫైర్ కార్యక్రమం, వన్యప్రాణుల మీద వచ్చే ఆదాయంలో పల్లెలకు వాటా ఇవ్వాలని చూసింది. దాని మీద గుట్టలకొద్దీ రాశారు. ‘పేదలకు మేలు చేసే పర్యాటకం’ అనే మాట 1999లో బ్రిటన్‌లో, ప్రభుత్వ సాయంతో జరిగిన అధ్యయనంలో గట్టిపడింది. ఎవరు డబ్బిచ్చి అధ్యయనం చేయిస్తారో, ప్రశ్న కూడా చాలావరకు వాళ్లదే అవుతుంది. ఇంకోపక్క దక్షిణాఫ్రికాలో క్రిస్ రోజర్సన్ లాంటివాళ్లు నగరాల గురించి, సరిహద్దు దాటి సరుకు కొనుక్కోవడానికి వచ్చే చిన్న వ్యాపారుల గురించి, సొంత దేశంలో తిరిగేవాళ్ల గురించి ఏళ్లుగా రాస్తున్నారు. మీ నూట నలభైలో ఇవి ఎన్ని ఉన్నాయి?

చైనా సంగతి. అక్కడ 1978కి ముందు పర్యాటకం అంటే విదేశీ వ్యవహారాల్లో భాగం, అతిథి మర్యాద. సంస్కరణల తర్వాత అది ఆర్థిక రంగం అయింది. 1986లో బీజింగ్ నుంచి ‘టూరిజం ట్రిబ్యూన్’ పత్రిక మొదలైంది. స్థానిక ప్రభుత్వాలకు ప్రణాళికలు కావాలి, భూగోళ శాస్త్రవేత్తలు ముందుకొచ్చారు. 1999లో వారం రోజుల ‘గోల్డెన్ వీక్’ సెలవులు వచ్చాక దేశం దేశమంతా ఒకేసారి ప్రయాణం కట్టింది. అలాంటి రద్దీ కళ్లెదుట ఉంటే అంచనాలు, మోడళ్లు, జన ప్రవాహాల లెక్కలు ఎందుకు రావు? దీనికి ఇంకో కారణం కూడా ఉంది. ఇంగ్లిష్ పత్రికల్లో అచ్చయితేనే ఉద్యోగంలో ఎదుగుదల అన్నచోట, భాష పెద్దగా అడ్డురాని అంకెల పేపరు రాయడం తేలిక. చైనీస్‌లో వాళ్లలో వాళ్లు రాసుకునే వ్యాసాలు వేరు, ఇంగ్లిష్‌లో మన దాకా వచ్చేవి వేరు. మీరు చదివింది రెండో రకమే. దాన్ని చూసి చైనా పరిశోధన మొత్తం ఇంతే అని రాస్తే తప్పవుతుంది.

ఇక్కడే మీ భాష బాధ గురించి కూడా మాట్లాడాలి. ఇది మీ ఒక్కరి బాధ కాదు. 1973లో జాఫర్ జఫారీ ‘అన్నల్స్ ఆఫ్ టూరిజం రీసెర్చ్’ అనే ఇంగ్లిష్ పత్రిక మొదలుపెట్టాడు, 1980లో ‘టూరిజం మేనేజ్‌మెంట్’ వచ్చింది. ఈ రంగం తన చరిత్రను దాదాపు అక్కడి నుంచే చెప్పుకోవడం మొదలుపెట్టింది. అంతకుముందు జర్మన్, ఇటాలియన్, పోలిష్, ఫ్రెంచ్ భాషల్లో అర్ధశతాబ్దం జరిగిన పని మరుగున పడిపోయింది. ఈ ఇంగ్లిష్ ఆధిపత్యం గురించి పర్యాటక పరిశోధకుడు గ్రాహం డాన్ 2011లో గట్టిగానే రాశాడు. ఇంగ్లిష్‌లో వెలువడే పత్రికలన్నీ ఇంగ్లండు, అమెరికాల్లోనే పుట్టాయనుకోవడం కూడా పొరపాటే. ‘టూరిజం రిక్రియేషన్ రీసెర్చ్’ను 1976లో తేజ్‌వీర్ సింగ్ లక్నోలో ప్రారంభించారు. హిమాలయాల గురించి, యాత్రల గురించి ఏదైనా వెతికేటప్పుడు దాని పాత సంచికలు తిరగేయడం మరవకండి.

నా సొంత అనుభవం ఒకటి చెబుతాను. చాలా ఏళ్ల కిందట నేను కూడా ప్రశ్నాపత్రం పట్టుకుని తిరిగాను. వేరే దేశంలో తయారైన ప్రశ్నల్ని మాటకు మాట తెలుగులోకి మార్చుకున్నాం. మూడో ప్రశ్న: ‘ఈ ప్రయాణంలో ఇంటికి దూరంగా ఎన్ని రాత్రులు గడిపారు?’ దాని కింద నాలుగు గళ్లు: హోటల్, లాడ్జి, అద్దె గది, ఇతరం. బెంచీ మీద కూర్చున్న ఒక పెద్దావిడను అడిగాను. ‘ఇంటికి దూరంగా ఎక్కడున్నాను బాబూ, మా చెల్లెలింట్లో ఉన్నాను కదా’ అంది. ‘ఇతరం’లో టిక్కు పెట్టి ముందుకెళ్లాను. ‘పర్యాటకులుగా మీ సంతృప్తి ఎంత, ఒకటి నుంచి ఐదు వరకు చెప్పండి’ అంటే, ‘నేను పర్యాటకురాల్ని కాదు, మొక్కు తీర్చుకోవడానికి వచ్చాను. దానికి మార్కులేమిటి?’ అంది. చివరికి నన్ను నొప్పించడం ఇష్టం లేక ‘ఐదు వేసుకో’ అంది. సాయంత్రం కాగితాలు ముందేసుకుని చూస్తే, మిగతా మూడు గళ్లకన్నా ‘ఇతరం’ గడే నిండి ఉంది. ఆ ఐదులన్నీ కలిపి సగటు తీశాం. ఆ సగటు ఒక నివేదికలోకి వెళ్లింది. ఆ పని చేసినందుకు నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

1937లో నానాజాతి సమితి నిపుణులు 24 గంటలో అంతకు మించో పరాయి దేశంలో ఉన్నవాడే పర్యాటకుడు అని గీత గీశారు. సరిహద్దులు దాటేవాళ్లను లెక్కపెట్టడానికి అది అవసరమే. ఆ గీతను తీసుకొచ్చి ఆ పెద్దావిడ మీద పెట్టాం. పసిఫిక్ దీవుల పరిశోధకులు ‘తలనోవా’ అనే పద్ధతి వాడతారు. ముందే రాసుకున్న ప్రశ్నలతో వెళ్లకుండా, కలిసి కూర్చుని మాట కలుపుకుంటూ తెలుసుకోవడం. ఆ బెంచీ మీద నేను అలా కూర్చుని ఉంటే వేరే నివేదిక వచ్చేది.

ఒక జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్పాలి. ప్రాంతీయ తేడాలు కనబడగానే ‘ఆసియావాళ్లు సమష్టిగా ఆలోచిస్తారు, పడమటివాళ్లు ఎవరికి వారే’ లాంటి ముద్రలు వేయకండి. ఇలాంటి వాక్యాల కింద తరచూ దేశాల సంస్కృతుల్ని అంకెల్లో పోల్చే హాఫ్‌స్టెడ్ సూచికలు కనిపిస్తాయి. అవి మొదట 1967–73 మధ్య ఐబీఎమ్ ఉద్యోగుల సర్వేల నుంచి తీసినవి. ఒక కంప్యూటర్ కంపెనీ ఉద్యోగుల జవాబులతో, అర్ధశతాబ్దం తర్వాత, కొండెక్కే యాత్రికురాలి మనసు చెప్పడం ఎంతవరకు న్యాయమో ఆలోచించండి. పైగా ‘చైనా పేపరు’, ‘ఆఫ్రికా పేపరు’ అని మీరు అంటున్నది దేన్ని? రచయిత పుట్టిన దేశాన్నా, ఇప్పుడు పనిచేసే దేశాన్నా, డాక్టరేటు చేసిన దేశాన్నా, అధ్యయనం జరిగిన చోటునా? సిడ్నీలో పాఠాలు చెబుతూ చైనాలోని యునాన్ పల్లెల మీద రాసే చైనీయుడు ఏ ప్రాంతం కింద వస్తాడు? మీ నూట నలభై పేపర్లకు ఒక పట్టిక వేసి ఈ నాలుగిటికీ వేర్వేరు గడులు పెట్టండి. ఐదోది, డబ్బు ఎవరిచ్చారు. ఆరోది, రచయిత ఏ శాఖలో ఉన్నారు: భూగోళమా, మేనేజ్‌మెంటా, అడవులా, మానవశాస్త్రమా. ప్రాంతాల మధ్య తేడాలనుకున్నవి కొన్ని నిజానికి శాఖల మధ్య తేడాలని మీకే తెలుస్తుంది.

భాషకు దారి ఉంది. లాటిన్ అమెరికా పత్రికలు చాలావరకు సైలో, రెదాలిక్ అనే ఆన్‌లైన్ భాండాగారాల్లో ఉచితంగా దొరుకుతాయి, ఎక్కువ వ్యాసాలకు ఇంగ్లిష్ సారాంశం ఉంటుంది. బ్యూనస్ ఎయిర్స్ నుంచి 1991లో మొదలైన ‘ఎస్తుదియోస్ ఇ పెర్స్‌పెక్తివాస్ ఎన్ తూరిస్మో’తో మొదలుపెట్టండి. సారాంశాలు చదివి ఐదారు ఎంచుకోండి. వాటిని యంత్రానువాదంలో పెట్టి, ముఖ్యమైన మాటలు మాత్రం భాష తెలిసినవాళ్లను అడిగి సరిచూసుకోండి. ఐదారు చాలు. అన్ని భాషల్లో చదివినట్టు కనిపించాలని ఎవరూ కోరడం లేదు.

రివ్యూయర్‌కు జవాబు రాసేటప్పుడు కొత్త పేర్లు నాలుగు చేర్చి సరిపెట్టకండి, వాళ్లు ఇట్టే పట్టేస్తారు. మీ పేపరులో బట్లర్ దశల నమూనా తప్పకుండా ఉండి ఉంటుంది, 1980లో వచ్చినది. ఒక చోటును ముందుగా కొద్దిమంది కనుక్కోవడం, తర్వాత పెరగడం, స్థిరపడటం, స్తంభించడం, ఆపైన తగ్గడమో తిరిగి పుంజుకోవడమో. మీ స్థలానికి శతాబ్దాలుగా భక్తులు వస్తున్నారు. అక్కడ ‘కనుక్కునే’ దశ ఎప్పుడు? ఎవరు కనుక్కున్నారు? పాత యాత్రికుల ప్రవాహం అలాగే సాగుతుండగా, దాని పక్కన కొత్త పర్యాటకుల రాక మొదలైతే, నమూనాలో ఉన్న ఒక్క గీత సరిపోతుందా, రెండు గీతలు కావాలా? ఈ ఒక్క విషయం మీద రెండు పేజీలు రాయండి. నమూనా ఎక్కడ పనిచేసింది, ఎక్కడ ఆగిపోయింది, అక్కడ స్టీఫెన్ బ్రిటన్ ఫిజీ వ్యాసం ఏం చూపించింది, క్నాఫూ బృందం ప్రశ్న ఏం చూపించింది, అంతే. 2015లో ఎరిక్ కోహెన్, స్కాట్ కోహెన్ యూరప్ కేంద్రంగా ఉన్న ఆలోచనను దాటి, ప్రయాణాలన్నిటినీ కలిపి ‘కదలికలు’గా చూడాలని ప్రతిపాదించారు. అది కూడా ఇక్కడే అవసరపడుతుంది.

పేపరు మళ్లీ పంపే ముందు ఒక పని చేయండి. మీ క్షేత్రపనిలో నింపిన ప్రశ్నాపత్రాలు బయటికి తీసి, ‘ఇతరం’ గడిలో, అంచుల్లో రాసుకున్న మాటలన్నీ ఒక నోటుబుక్కులోకి ఎత్తుకోండి. అవి చదివాక మీకు ఏమనిపించిందో నాకు మళ్లీ ఉత్తరం రాయండి.